కలుపుమనిషి

మొన్న జూన్‌లో కాలేజీ తెరిచిన వారం, మా స్టాఫ్ రూములో బాటనీ సారు ఒక డబ్బా మూత తీశారు. వేసవిలో ఏదో సదస్సుకని యూరప్ వెళ్లొచ్చారు, అక్కడి చీజ్ ముక్కలుగా కోసి తెచ్చారు. ముందు పులిసిన పాల వాసన, దాని వెనకే జీలకర్ర వాసన. "ఇదేంటి సార్, చీజ్‌లో జీలకర్రా?" అని కామర్స్ మేడం ముక్కు చిట్లించింది. హాలండువాళ్లు, అదే నెదర్లాండ్స్‌వాళ్లు, ఇలాగే తింటారని ఆయన చెప్పారు. ఆ దేశం మాట రాగానే ఇంకొకాయన ఫోనులో చూసిన వార్త చెప్పాడు. అక్కడ నాలుగు పార్టీలు కలిసి నడుపుతున్న ప్రభుత్వంలోంచి ఒక పార్టీ లేచి వెళ్లిపోయిందట, ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం కూలిపోయిందట. "గట్టిగా నాలుగు జిల్లాలంత ఉండదు, దాన్ని కూడా పాలించుకోలేరా?" అని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చీజ్ వాసన నాకు కొత్త కాదు. రేపల్లెలో దయామణి మేడం ఇంట్లో, క్రిస్మస్ ముందు వచ్చే పార్సిల్ విప్పగానే ఇదే వాసన వచ్చేది. ఈరోజు నేను బాపట్లలో పొలిటికల్ సైన్స్ చెబుతున్నానంటే ఆవిడ వల్లే. నెదర్లాండ్స్ అనే మాట వింటే నా నోరు చేదవుతుందంటే అదీ ఆవిడ వల్లే.

మేడం తెనాలిలో మా డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవారు. రేపల్లెలో చర్చి వెనక వీధిలో ఇల్లు. తండ్రి మిషన్ స్కూలు హెడ్మాస్టరుగా చేసి పోయారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. రోజూ పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజరు ఎక్కేవారు. మాది చెరుకుపల్లి పక్కన చిన్న పల్లె. నేను ఆటోలో భట్టిప్రోలు వచ్చి అదే రైలు ఎక్కేదాన్ని. మొదట్లో ఆవిడను చూసి వేరే పెట్టెలోకి పోయేదాన్ని. ఒకరోజు కిటికీలోంచి పిలిచి, "అమ్మాయ్, క్లాసులో తప్పించుకోలేవు కదా, రైల్లో మాత్రం ఎందుకు?" అన్నారు. ఆరోజు నుంచి తెనాలి వచ్చేదాకా నా సీటు ఆవిడ ఎదురుగానే. అటూ ఇటూ కోతకొచ్చిన చేలు, పసుపు తోటలు, మధ్యలో మురుగు కాలువలు. వాటిని చూపిస్తూ ఆవిడ నాకు ఎక్కడో సముద్రమట్టానికి దిగువనున్న దేశం గురించి చెప్పేవారు.

వయసులో ఉండగా ఒక ఏడాది నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో చదువుకున్నారావిడ. ఒక ముసలి వితంతువు ఇంట్లో గది అద్దెకు తీసుకున్నారు. తర్వాత ఏటేటా పార్సిల్ పంపింది ఆవిడే. మేడం అక్కడున్న ఏడాదే ఎన్నికలయ్యాయి. ఫలితాలొచ్చి నెలలు గడిచినా ప్రభుత్వం ఏర్పడలేదు. మనవైపు అయితే ఈపాటికి బస్సులు తగలబడేవి కదా అనుకుని, "మీకు భయం వేయదా?" అని ఆ ముసలావిడను అడిగారట. "పంపులు ఆడుతూనే ఉన్నాయి కదమ్మా, భయమెందుకు?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయిందట. రాత్రింబవళ్లు నీళ్లు తోడితేగాని నిలవని నేల అది. అలాంటి నేల మీద బతికేవాళ్లకు పక్కవాడి దేవుడు నచ్చకపోయినా, పార్టీ నచ్చకపోయినా, కట్ట మీద కలిసి నిలబడక తప్పదని మేడం నమ్మకం. ఆ నమ్మకం మాకందరికీ అంటించారు.

ఫైనలియరులో ఉండగా ఒకసారి క్లాసును పార్టీలుగా విడగొట్టారు. నెదర్లాండ్స్ దిగువ సభలో నూట యాభై సీట్లు. ఎన్ని ఓట్లొస్తే అన్ని సీట్లు, కాబట్టి పది పదిహేను పార్టీలు సభలోకి వస్తాయి. ఒక్క పార్టీకే సగం దాటిన సందర్భం ఎప్పుడూ లేదు. మాకూ అలాగే సీట్లు పంచి, ప్రభుత్వం ఏర్పాటు చేసుకోమని ఆవిడ వెనక బెంచీలో కూర్చున్నారు. అందరికన్నా పెద్ద పార్టీ నాది. నేను లేచి మంత్రి పదవులు పంచడం మొదలుపెట్టాను. గంట కొట్టేసరికి చిన్న పార్టీలన్నీ ఒకటై నన్ను బయట కూర్చోబెట్టాయి. నాకు ఏడుపొచ్చింది. గెలిచింది నేనే కదా మేడం అన్నాను.

"గెలవలేదమ్మా. అందరికంటే ముందు అడిగే హక్కు వచ్చింది, అంతే. నువ్వు అడగలేదు, ఆజ్ఞాపించావు."

తర్వాత బోర్డు మీద ఒక మాట రాశారు, కలుపుమనిషి. ఎన్నికలయ్యాక అక్కడ ఒక పెద్దమనిషిని నియమిస్తారు. అప్పట్లో రాణి నియమించేది, ఇప్పుడు సభే నియమిస్తుంది. అతను ఒక్కో పార్టీ నాయకుడినీ విడిగా కలిసి ఎవరు ఎవరితో కూర్చోగలరో, దేన్ని వదులుకోగలరో కనుక్కుంటాడు. అతనికి పదవి అక్కర్లేదు. పని అయితే పేరు వేరేవాళ్లకి, కాకపోతే మాట పడేది అతను. దాని అసలు పేరు పలకడం మాకు కష్టమని మేడం పెట్టిన తెలుగు పేరు అది. వెనక నుంచి ఒక కుర్రాడు, "మేడం, మా చేలో కలుపుంటే పీకేస్తారండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వారు.

ఏళ్లు గడిచాయి. నేను పీజీ చేసి బాపట్లలో ఉద్యోగంలో చేరాను. మేడం రిటైరై రేపల్లెలోనే ఉండిపోయారు. అప్పుడు మా ఊరి మురుగు కాలువ గొడవ వచ్చింది. మా ఊరిదీ, చుట్టుపక్కల మూడు ఊళ్లదీ నీరంతా దిగేది ఒక్క కాలువలోంచే. దాని బాగోగులకు రైతులే ఒక కమిటీ వేసుకున్నారు. ఆ సంవత్సరం సభ్యులను ఎన్నుకున్నాక నాలుగు వర్గాలు తేలాయి. మెరక రైతులు, పల్లపు రైతులు, రొయ్యల చెరువులవాళ్లు, ఊరి చివర దళితపేటలోని కౌలు రైతులు. సగం బలం ఏ ఒక్కరికీ లేదు. అందులో పెద్ద వర్గం మెరక రైతులది, వాళ్ల నాయకుడు వీరరాఘవయ్య మామయ్య. మాకు దూరపు చుట్టం. పల్లపు రైతుల తరఫున మాట్లాడేది మా నాన్న. ప్రెసిడెంటు ఎవరన్నది తేలక కాలువ పని ఆగిపోయింది. నీళ్ల మీద గుర్రపుడెక్క మనిషి నడవచ్చన్నంత దట్టంగా అల్లుకుంది. రొయ్యలవాళ్లు తమకు నీళ్లు నిలవడానికి కాలువకు అడ్డంగా కట్టలు వేసుకున్నారు. ఈలోగా వర్షాలు వస్తే పల్లం మునుగుతుందని అందరికీ తెలుసు. నాన్నే ఆలోచించి, "మీ మేడం గారు మాట్లాడితే వింటారేమో అడగరాదూ?" అన్నాడు.

అడగ్గానే ఒప్పుకున్నారు. ఆ వేసవంతా, అరవై దాటిన మనిషి, గొడుగేసుకుని నాలుగు ఊళ్లూ తిరిగారు. ఆదివారాలు బాపట్ల నుంచి వెళ్లి నేనూ తోడుండేదాన్ని. ఎవరింటికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే. "మీకేం కావాలో తర్వాత చెబుదురుగానీ, అవతలివాళ్లకేం కావాలనుకుంటున్నారు?" చాలామంది మళ్లీ తమకేం కావాలో చెప్పడం మొదలుపెట్టేవారు. కొందరికి కోపం వచ్చేది.

వీరరాఘవయ్య మామయ్య ఇంటికి వెళ్లిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. వరండాలో కుర్చీలు వేశారు. నాకు స్టీలు గ్లాసులో టీ వచ్చింది. మేడంకి పేపరు కప్పులో వచ్చింది. మామయ్యది స్టీలు గ్లాసే. ఇంట్లో గ్లాసులకు కరువేమీ లేదు. నేను గ్లాసు కింద పెట్టేశాను. మేడం మాత్రం నిదానంగా తాగి, కప్పు మడిచి చేతిసంచీలో వేసుకుని, "అయితే వీరరాఘవయ్య గారూ, రొయ్యల కట్టలు తీయించడానికి మీకేమీ అభ్యంతరం లేదు కదండి?" అని ఆగిన చోట నుంచే మొదలుపెట్టారు. తిరిగి వస్తుంటే దారిలో నేను ఆ మాట ఎత్తబోయాను.

"నేను అక్కడికి టీ కోసం వెళ్లలేదు శైలజా."

"మీకు బాధ లేదా మేడం?"

"ఉంది. కాలువ పని అయ్యాక పడతాను."

వేసవి చివరికి ఒప్పందం కుదిరింది. రొయ్యలవాళ్లు కట్టలు తీస్తారు, బదులుగా వాళ్ల చెరువులకు వేరే తూము ఇస్తారు. మెరకవాళ్లు పల్లపువాళ్లకంటే ముందు నీళ్లు వదలరు. ప్రెసిడెంటు పదవి దగ్గర మాత్రం ఎవరూ ఎవరినీ ఒప్పుకోలేదు. మెరకవాడైతే పల్లంవాళ్లు రారు, పల్లంవాడైతే చెరువులవాళ్లు రారు. చివరికి మేడం అందరికంటే చిన్న వర్గం నుంచి, పేటలోని కౌలు రైతు మరియదాసు పేరు చెప్పారు. అతని కౌలు చేను కాలువ అంచునే ఉంది. ఏ కట్ట తెగినా మొదట మునిగేది అతనే. నాలుగు వర్గాల పెద్దల ఇళ్లకూ వేరువేరుగా వెళ్లి అడిగితే నలుగురూ సరేనన్నారు. మా నాన్న అయితే, "ఇంతకంటే మంచి మాట లేదండి" అన్నాడు. నా చెవులతో విన్నాను.

అందరూ కూర్చుని ఖాయం చేయాల్సిన రోజు ప్రాథమిక పాఠశాలలో సమావేశం పెట్టారు. మేడం ఒప్పందం చదవడం మొదలుపెట్టారు. మరియదాసు పేరు దగ్గరకు రాగానే వీరరాఘవయ్య మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇదా సంగతి. వేసవంతా ఈవిడ గొడుగేసుకుని తిరిగింది మన కోసం కాదన్నమాట. తమవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టుకోవడానికి."

ఆయన ఆగలేదు. "ఏదో అంటారు కదా మేడం గారూ మిమ్మల్ని, మా శైలజ చెబుతుంటుంది. కలుపుమనిషి. మేం రైతులమండి. కలుపును ఏం చేయాలో మాకొకరు చెప్పక్కర్లేదు."

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. రొయ్యలవాళ్లు తలలు దించుకుని నవ్వారు. మరియదాసు లేచి, "నేనడిగానా అయ్యా ఈ కుర్చీ? మీ ఇంటికొచ్చి అడిగానా?" అన్నాడు. నేను లేచి, "మామయ్యా, మీరందరూ ఒప్పుకున్నదే కదా ఇది" అన్నాను. "నువ్వు కూర్చోమ్మా, ఇది మగవాళ్ల వ్యవహారం" అన్నాడాయన. నాన్న నా చేయి పట్టుకుని కిందికి లాగాడు. లాగి, నేల చూస్తూ కూర్చున్నాడు. మేడం నాన్న వైపు చూశారు. ఆ ఒక్క మాట, మేమంతా ఒప్పుకున్నామన్న మాట, నాన్న అంటే చాలు. పల్లపు రైతులు లేచేవారు. నాన్న అనలేదు. మేడం కాగితం మడిచి, "సరేనండి" అని బయటికి నడిచారు.

వారం తిరక్కుండా మెరకవాళ్లూ, చెరువులవాళ్లూ ఒకటైపోయారు. ఇద్దరికీ కలిపితే సగం దాటింది. వీరరాఘవయ్య మామయ్య ప్రెసిడెంటు అయ్యాడు, కట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైపైన కొంత గుర్రపుడెక్క తీయించి, మెడలో దండతో ఫొటో తీయించుకున్నాడు.

కోతల వేళకు తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటింది, రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మెరక చేలల్లో నీళ్లు ఒక్క పూటలో దిగిపోయాయి. నీరు పల్లమెరుగు అంటారు. ఆ దిగిన నీరంతా కట్టల దగ్గర ఎగదన్ని మా చేల మీద పడింది. పడిపోయిన వరి వెన్నులు నీళ్లలోనే మొలకెత్తాయి. నేను వెళ్లేసరికి నాన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు. కాలువ అంచున మరియదాసు చేను ఎక్కడుందో కూడా తెలియలేదు. ఆ మధ్యాహ్నమే రేపల్లె నుంచి ఆటోలో మేడం వచ్చారు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బురదలో గట్టు దాకా నడిచి వచ్చారు. నాన్న చేతులు జోడించి, "క్షమించండి మేడం గారూ" అన్నాడు.

"నేను ఓదార్చడానికి రాలేదండి వెంకటేశ్వర్లు గారూ. చూడటానికి వచ్చాను."

చూశారు. చాలాసేపు చూశారు. క్షమించాననే మాట అనలేదు. తర్వాత మరియదాసు ఇంటికి వెళ్లి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. మా ఇంట్లో కాలు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోయారు. ఆరోజు నాకు ఆవిడ కఠినంగా అనిపించారు. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం లేరు. కిడ్నీలు పాడయ్యాయి. తెనాలిలో డయాలసిస్ చేయించుకుని, అదే ప్యాసింజరులో రేపల్లె వచ్చేవారు. నేను శనివారాలు వెళ్లేదాన్ని. అప్పుడే నెదర్లాండ్స్‌లో మళ్లీ ఎన్నికలయ్యాయి. ఆవిడ ఫోను ముక్కుకు ఆనించుకుని రోజూ ఆ వార్తలు చదివేవారు. అందరికంటే ఎక్కువ సీట్లొచ్చిన నాయకుడిని మిగతావాళ్లు ప్రధానిగా ఒప్పుకోలేదు. కలుపుమనుషులు ఒకరి తర్వాత ఒకరు మారారు. మధ్యలో ఒక పార్టీ చర్చల్లోంచి లేచి వెళ్లిపోయి, మళ్లీ వచ్చి కూర్చుంది. చివరికి ఏ పార్టీకీ చెందని ఒక పాత అధికారిని తెచ్చి ప్రధానిని చేశారు.

"వీళ్లు కలవలేదు శైలజా" అన్నారు మేడం ఆ వార్త చూసి. "ఒకే గదిలో కూర్చున్నారంతే. ఎవడు ముందు లేస్తాడా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు."

కాసేపటికి, "నేను మీకు ఇన్నేళ్లూ తప్పు పాఠం చెప్పానా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను వెంటనే.

"ఊరికే లేదనకు. సగం పాఠం చెప్పాను. కలిసి కూర్చోవడం ఎలాగో చెప్పాను. లేచి వెళ్లిపోయినవాడి సంగతి చెప్పలేదు." దిండుకు ఆనుకుని ఊపిరి తీసుకున్నారు. "హేగ్‌లో నేనున్న ఇంటి ముసలావిడ పంపులు ఆడుతున్నాయంది. అది విని, వాళ్లంతా మంచివాళ్లని అనుకున్నాను. మంచితనం కాదే. కట్ట తెగితే మంత్రి ఇంట్లోకీ, పాలవాడి ఇంట్లోకీ ఒకేసారి నీళ్లొస్తాయి. అందుకే కూర్చునేవారు. మీ ఊళ్లో అలా కాదు. మెరకనున్నవాడు ఎందుకు కూర్చుంటాడు? ఇప్పుడు అక్కడ కూడా మెరకనున్నవాళ్లు ఎక్కువైనట్టున్నారు."

ఆవిడ అంత నిష్ఠూరంగా మాట్లాడటం అంతకుముందు వినలేదు. నేనేదో ధైర్యం చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "పేపరు కప్పు సంగతి గుర్తుందా? కాలువ పని అయ్యాక బాధపడతానన్నాను. పని కాలేదు. బాధ మాత్రం పడుతున్నాను."

తుపాను వచ్చిన మరుసటి ఏడాది చివర్లో పోయారు. రేపల్లె చర్చి నిండిపోయింది. నాకు తెలియని శిష్యులు ఎంతోమంది వచ్చారు. వీరరాఘవయ్య మామయ్య కూడా వచ్చాడు. ప్రెసిడెంటు హోదాలో మైకు ముందు నిలబడి, మేడం నాలుగు ఊళ్లనూ కలిపిన మహాతల్లి అన్నాడు, ఆవిడ చూపిన దారిలోనే కమిటీ నడుస్తోందన్నాడు. మరియదాసు మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయాడు. నేనూ వెళ్లాను. చర్చి గోడ పక్కన ఇద్దరం నిలబడ్డాం. "మేడమ్మ ఉంటే ఈ మాటలకు ఏమనేది పాపా?" అన్నాడు. లోపల చప్పట్లు వినిపించాయి.

దయామణి మేడం దగ్గర నేను ఓర్పు నేర్చుకున్నానని తోటివాళ్లు అంటారు. కాలేజీలో ఏ తగువొచ్చినా నన్నే పిలుస్తారు. ఓర్పు ఒక్కటే కాదు, కోపం కూడా ఆవిడే ఇచ్చి వెళ్లారు. రెండూ ఒకే చోట పెట్టుకుని బతకడం సులువు కాదు. రాజీ అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, ఆ మనిషి చేను మెరకన ఉందా పల్లంలో ఉందా అని ముందు చూస్తాను. చూడకుండా ఉండలేను.

ఈ వేసవిలో మా కాలువ కమిటీకి మళ్లీ సభ్యులను ఎన్నుకున్నారు. మళ్లీ ఎవరికీ సగం రాలేదు. మెరకవాళ్లకూ, చెరువులవాళ్లకూ మధ్య చెడింది. నాన్న ఫోను చేశాడు. "అందరూ నిన్ను అడగమంటున్నారమ్మా. మీ మేడం గారిలా నువ్వొచ్చి ఒకమాట..."

"వస్తాను నాన్నా. సమావేశం పేటలో పెట్టాలి. మరియదాసు ఇంటి ముందు. మొదట మునిగేవాళ్లు మొదట మాట్లాడాలి, మామయ్య చివర మాట్లాడాలి."

"అట్లా అంటే వాళ్లు రారమ్మా."

"రాకపోతే ఎవరు మునుగుతారు?"

"మనమే" అన్నాడు నాన్న, గొంతు బాగా తగ్గించి.

ఆ మాట నాకు కాదు, పేటలో నలుగురి ముందు అనమన్నాను. నాన్న ఇంకా అనలేదు.